పాత భవనం.. కొత్త అద్దెదారు

పైపూతకు ముందు స్లాబు, తీగలు, మెట్లు చూడాలి

విజయవాడ: బీసెంట్ రోడ్డు, గవర్నర్‌పేట, ఏలూరు రోడ్డు, వన్‌టౌన్ ప్రాంతాలలోని వ్యాపార భవనాలలో అనేకం ఒక తరం కిందటి అవసరాలకు కట్టినవి. కింద వరుసగా షట్టర్ల దుకాణాలు, పక్కన ఇరుకైన మెట్ల దారి, పైన ఆఫీసు గదులో లాడ్జీయో ఉండటం నాటి నమూనా. నేడు అదే చోటికి వస్త్ర దుకాణాలు, బ్యాంకులు, రోగ నిర్ధారణ కేంద్రాలు, సరకులను నిమిషాలలో ఇంటికి చేర్చే సంస్థల గోదాములు అద్దెకు వస్తున్నాయి. వీరికి విడివిడి గదులతో పని లేదు. అడ్డుగోడలు లేని హాలు, లిఫ్టు, ఏసీలు, జనరేటరు కావాలి.

కూల్చి కొత్తగా కట్టడం అందరికీ సాధ్యం కాదు. ఖర్చు ఒక కారణం కాగా, స్థలం మరో కారణం. పాత భవనాలు హద్దు నుంచి హద్దు వరకు కట్టినవి. వాటిని కూల్చితే 2017లో జీవో 119 ద్వారా వచ్చిన భవన నిర్మాణ నిబంధనల ప్రకారం చుట్టూ ఖాళీ స్థలం, వాహనాల నిలుపుదలకు చోటు వదలాలి. రెండు మూడు వందల గజాల స్థలంలో అవి వదిలితే అద్దెకు ఇవ్వడానికి మిగిలేది కొంతే. అందువల్ల ఉన్న భవనాన్నే బాగు చేయించి ఇచ్చేందుకు యజమానులు మొగ్గు చూపుతారు. ఇది తప్పు కాదు. గట్టిగా ఉన్న భవనాన్ని నిలబెట్టుకోవడం అన్ని విధాలా మేలే.

చిక్కంతా డబ్బు ఖర్చయ్యే వరుసలో ఉన్నది. మొదట ఎలివేషన్, ఆ తరువాత ఫాల్స్ సీలింగు, దీపాలు, నేల. వీటికి పోగా మిగిలితే తీగలు, స్లాబు. కంటికి కనిపించే వాటికి లక్షలు, కనిపించని వాటికి వేలు. ఆ కనిపించని చోటనే ప్రమాదం దాగి ఉంటుంది.

భవనం అదే.. వాడకం వేరు

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలోని ఒక హోటల్ భవనంలో మంటలు చెలరేగి పదిమంది మరణించారు. అప్పటికి ఆ భవనాన్ని కొవిడ్ చికిత్స కేంద్రంగా వాడుతున్నారు. హోటల్‌లో బస చేసినవాడు కేక వినగానే లేచి పరుగెత్తగలడు. రోగి పరుగెత్తలేడు. గదులు అవే, మెట్లు అవే అయినా లోపల ఉండే మనుషులు మారితే ఆ మెట్లు సరిపోతాయా లేదా అన్న లెక్క మొత్తం మారిపోతుంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాద్‌లో కింద విద్యుత్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జీ ఉన్న భవనంలో జరిగిన ప్రమాదంలో ఎనిమిది మంది ప్రాణాలు కోల్పోయారు. మరుసటి సంవత్సరం మార్చి 16న అదే సికింద్రాబాద్‌లోని స్వప్నలోక్ వాణిజ్య సముదాయంలో ఆరుగురు మరణించారు. అక్కడ పొట్టన పెట్టుకున్నది మంట కంటే పొగ.

కొత్త అద్దెదారు వస్తున్నాడంటే భవనానికి కొత్త వాడకం వస్తున్నదని అర్థం. ఇంజినీరును పిలిచి అడగవలసిన మొదటి ప్రశ్న కూడా ఇదే: ఈ భవనాన్ని దేని కోసం కట్టారు, ఇప్పుడు దేనికి ఇస్తున్నాం?

చదరపు మీటరుకు ఎన్ని కిలోలు?

స్లాబు మోయవలసిన బరువుకు భారతీయ ప్రమాణాలలో లెక్కలు ఉన్నాయి. 1987 నాటి ఐఎస్ 875 రెండో భాగం ప్రకారం నివాస గదులకు, లాడ్జీ గదులకు చదరపు మీటరుకు సుమారు 200 కిలోల భారం మోసేలా స్లాబు వేస్తారు. బ్యాంకు హాలుకు 300 కిలోలు, దుకాణానికి 400 కిలోలు, బ్యాంకు స్ట్రాంగ్‌రూముకు కనీసం 500 కిలోలు. గోదాములకైతే సరకు పేర్చే ఎత్తును బట్టి లెక్క కడతారు. అది 750 కిలోలకు తగ్గరాదు.

ఉదాహరణకు మూడు వేల చదరపు అడుగుల అంతస్తును తీసుకుందాం. అది దాదాపు 279 చదరపు మీటర్లు. లాడ్జీగా ఉన్నప్పుడు దాని మీద లెక్కించిన భారం 56 టన్నులు. వస్త్ర దుకాణమైతే 112 టన్నులు. దుకాణం వెనుక సగం హాలులో బేళ్లు పేరిస్తే లెక్క ఇంకా పెరుగుతుంది. పాత స్లాబు ఇంతా మోయలేదని ముందుగానే తీర్మానించనక్కరలేదు. పాత మేస్త్రులు చేయి జారవిడిచి సిమెంటు, ఇనుము వేసిన భవనాలూ ఉన్నాయి. కానీ మోస్తుందని ఊహించుకోవడానికి మాత్రం వీలు లేదు. పాత డ్రాయింగు ఉంటే దాని ప్రకారం, లేకుంటే స్లాబులో చువ్వలు ఎక్కడ, ఎంత లావున ఉన్నాయో పరికరంతో గుర్తించి లెక్క కట్టించాలి.

ఎవరూ లెక్కలోకి తీసుకోని బరువు ఒకటి నేలకు సంబంధించినది. పాత మొజాయిక్‌ను పెకలించడానికి బద్ధకించి దాని మీదనే గ్రానైటు పరుస్తారు. 20 మిల్లీమీటర్ల గ్రానైటు, దాని కింద రెండంగుళాల సిమెంటు మాలు కలిపితే చదరపు మీటరుకు 150 కిలోలు అవుతుంది. పై ఉదాహరణలోని అంతస్తుకు ఇది 40 టన్నులు దాటుతుంది. ఒక్క వినియోగదారుడు లోపలికి అడుగు పెట్టకముందే స్లాబు మీద పడే శాశ్వత భారమిది. మేడ మీద ఐదు వేల లీటర్ల ట్యాంకు పెడితే మరో ఐదు టన్నులు. ఏసీ బయటి యూనిట్లను కిటికీ ఛజ్జాల మీద నిలబెట్టడం మరొక అలవాటు. ఎండ, వాన ఆపడానికి వేసిన ఛజ్జా యంత్రాలు మోయడానికి వేసినది కాదు.

ఇక అడ్డుగోడల సంగతి. హాలు కావాలంటే గోడలు తీయాలి. ఆర్‌సీసీ పిల్లర్ల భవనంలో ఇటుక గోడ బరువు మోయదని, తీసినా ఏమీ కాదని మేస్త్రులు ధైర్యం చెబుతారు. మామూలు రోజున అది నిజమే. భూకంపం వచ్చిన రోజున కాదు. 2001 జనవరి 26 నాటి గుజరాత్ భూకంపంలో అహ్మదాబాద్‌లో కూలిన భవనాలలో కింది అంతస్తులో గోడలు లేక పిల్లర్ల మీద నిలిచినవి అనేకం. పైన గోడలతో బిగువుగా, కింద ఖాళీగా ఉన్న భవనం ఊగినప్పుడు ఊపంతా కింది పిల్లర్లే భరించాలి. 2002లో సవరించిన భూకంప ప్రమాణంలో విజయవాడను మూడో మండలంలో చేర్చారు. కింది గోడలు తీయదలచినప్పుడు పిల్లర్లకు బలం చేకూర్చవలసిన అవసరం ఉందో లేదో స్ట్రక్చరల్ ఇంజినీరు తేల్చాలి. వన్‌టౌన్‌లోని మరీ పాత భవనాలలో పరిస్థితి వేరు. అక్కడ గోడలే బరువు మోస్తాయి. టేకు దూలాల మీద ఇటుకలు నిలువుగా పేర్చి సున్నంతో వేసిన మద్రాసు టెర్రస్ కప్పులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆ గోడలో ద్వారం వెడల్పు చేయాలన్నా ముందు పైకప్పుకు ఆధారం నిలపాలి. దూలం మధ్య భాగం ఇనుములా ఉన్నా గోడలో దిగిన కొనలు చెమ్మకు, చెదలకు గుల్లబారి ఉండవచ్చు. ఆ కొనలను విప్పి చూసేదాకా ఏ మాటా చెప్పలేం.

పిల్లరును తీయడమో, సన్నగా చెక్కడమో ఎంత దూరం తీసుకువెళ్తుందో దక్షిణ కొరియా రాజధాని సియోల్ చూసింది. అక్కడి సాంపుంగ్ భవన పథకాన్ని నిర్మాణం మధ్యలో డిపార్ట్‌మెంట్ స్టోరుగా మార్చారు. ఎస్కలేటర్ల కోసం కొన్ని పిల్లర్లు తొలగించారు. మేడ మీది భారీ ఏసీ యూనిట్లను స్లాబు మీదుగా లాగి చోటు మార్చారు. 1995 జూన్ 29న ఆ భవనం కూలి 502 మంది మరణించారు.

తుప్పు మీద పూత నిలవదు

ముప్పయ్యేళ్లు దాటిన కాంక్రీటులో గాలిలోని బొగ్గుపులుసు వాయువు మెల్లగా లోపలికి చొచ్చుకుపోతుంది. కాంక్రీటులోని క్షారగుణం చువ్వలను తుప్పు నుంచి కాపాడుతుంది. ఆ గుణం పోయి, దానికి స్నానాల గది లీకేజీయో మేడ మీది నీటి నిల్వో తోడైతే చువ్వ తుప్పు పడుతుంది. తుప్పు అసలు ఇనుము కంటే రెండు మొదలు ఆరు రెట్ల వరకు చోటు ఆక్రమిస్తుంది. అందువల్ల కింది కాంక్రీటు పెచ్చులుగా ఊడుతుంది. లాడ్జీలుగా నడిచిన భవనాలలో స్నానాల గదుల కింది స్లాబులను ముందుగా చూడాలనేది ఇందుకే. ఫాల్స్ సీలింగు బిగించాక ఆ చోటు మళ్లీ ఎవరి కంటా పడదు.

కొత్తగా విరిచిన కాంక్రీటు ముక్క మీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే సంగతి అక్కడికక్కడే తెలుస్తుంది. గులాబీ రంగు వస్తే క్షారగుణం నిలిచి ఉన్నట్లు. రంగు రాకుంటే పోయినట్లు. రంగు రాని లోతు చువ్వ దాకా చేరిందంటే మరమ్మతు అవసరం. రీబౌండ్ హ్యామర్ పరీక్ష చౌకైనది కనుక చాలామంది దానితోనే సరిపెడతారు. అది ఉపరితలం గట్టితనాన్ని మాత్రమే చెబుతుంది. పైగా గాలికి మారిన పాత కాంక్రీటు పైపొర గట్టిపడి ఉండటం వల్ల ఉన్నదాని కంటే ఎక్కువ బలం చూపుతుంది. అనుమానం ఉన్నచోట యంత్రంతో గుండ్రని ముక్క కోసి ప్రయోగశాలకు పంపడం నమ్మదగిన పద్ధతి. ఇంజినీరింగు కళాశాలల ప్రయోగశాలలలో కూడా ఈ పరీక్షలు చేస్తారు. వాటి ఖర్చు ముందువైపు అద్దాల ఖర్చులో చిన్న భాగం. 2000 సంవత్సరానికి ముందు ఆర్‌సీసీ పనికి ఎం15 కాంక్రీటును అనుమతించేవారన్నది గుర్తుంచుకోవాలి. ఆ ఏడాది సవరించిన ఐఎస్ 456 కనీస స్థాయిని ఎం20కి పెంచింది.

మరమ్మతు చేసేటప్పుడు ప్రాపులు నిలిపి, వదులైన కాంక్రీటును చువ్వ వెనుక దాకా తీసి, తుప్పును పూర్తిగా గీకి, తుప్పు నిరోధక పూత వేసి, పాలిమర్ మాలుతో గాని మైక్రో కాంక్రీటుతో గాని నింపాలి. చువ్వ బాగా సన్నబడితే పక్కన కొత్త చువ్వ జోడించాలి. పెచ్చు ఊడిన చోట మామూలు సిమెంటు మెత్తి రంగు వేస్తే రెండు వానాకాలాలకు మించి నిలవదు. అసలు నీరు ఎక్కడి నుంచి వస్తున్నదో కనిపెట్టి ఆపనిదే ఏ మరమ్మతూ నిలవదన్నది వేరే చెప్పనక్కరలేదు.

మీటరు దగ్గర మొదలు

పాత భవనాలలో తీగలు కొన్ని దీపాలు, పంకాలకు వేసినవి. మూడు వేల చదరపు అడుగుల దుకాణానికి ఉజ్జాయింపుగా 20 నుంచి 25 టన్నుల ఏసీ కావాలి. టన్నుకు ఒక కిలోవాటుకు కాస్త పైబడి విద్యుత్తు పడుతుంది. దీపాలు, లిఫ్టు వీటికి అదనం. మంజూరైన లోడు పాతదే ఉండగా లోపల యంత్రాలు పెంచుకుంటూ పోతే మొదట వేడెక్కేది గోడలో దాగిన తీగ. అల్యూమినియం తీగకు రాగి తీగ ముడివేసిన చోట్లు మరీ ప్రమాదకరం. రెండు లోహాలు వేడికి వేరువేరుగా సాగి ముడి వదులవుతుంది, నిప్పురవ్వలు పుడతాయి. పాత తీగలను అంచెలంచెలుగా మార్చే బదులు ఒక్కసారిగా తీసివేయడమే ఉత్తమం. కొత్త లోడుకు డిస్కంకు దరఖాస్తు పని మొదలుపెట్టిన రోజే చేయాలి. సొంత ట్రాన్స్‌ఫార్మరు పెట్టుకోవలసి వస్తే దానికి చోటు కూడా చూసుకోవాలి. ఈ ఒక్క పని వల్ల షాపుల ప్రారంభోత్సవాలు వాయిదా పడటం తరచుగా జరిగేదే. ఎర్తింగును కొత్తగా వేయించి, మనుషులు తాకే సర్క్యూట్లకు 30 మిల్లీ ఆంపియర్ల వద్ద ఆగిపోయే రక్షణ స్విచ్చి పెట్టించాలి.

సెల్లారులో ప్యానెల్ బోర్డు, జనరేటరు పెట్టే అలవాటును 2024 తరువాత విజయవాడలో ఎవరూ సమర్థించలేరు. ఆ ఏడాది ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీలలో కురిసిన వర్షాలకు బుడమేరు పొంగి సింగ్‌నగర్, పాయకాపురం ప్రాంతాలు రోజుల తరబడి నీటిలో ఉండిపోయాయి. వరద రాని వీధులలో కూడా మురుగు కాలువ ఎదురు తన్నితే ముందు నిండేది సెల్లారే. బోర్డును పైకి మార్చడానికి మరమ్మతుల సమయం కంటే మంచి అదను దొరకదు.

కిటికీలు మూసిన అలంకారం

ముందువైపు ఏసీపీ రేకులతో గాని అద్దాలతో గాని కప్పడం నేటి ఆనవాయితీ. పాత కిటికీలు, బాల్కనీలు వాటి వెనుక మూతపడతాయి. అగ్నిప్రమాదం జరిగితే పొగ పోవడానికి దారి ఉండదు, నిచ్చెన వేసినా అగ్నిమాపక సిబ్బంది లోపలికి చేరలేరు. పైగా ఏసీపీలలో చౌక రకాలకు రెండు రేకుల నడుమ ఉండేది పాలిథీన్. అది మండుతుంది. 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో 72 మందిని బలిగొన్న మంటలు భవనమంతా వ్యాపించడానికి అంతకు ఏడాది ముందు ముగిసిన నవీకరణలో బిగించిన ఇటువంటి తొడుగే కారణమని విచారణ తేల్చింది. రేకు కొనేటప్పుడు ధరతో పాటు లోపలి పదార్థం మండనిదా కాదా అని అడిగి, పరీక్ష పత్రం తీసుకోవాలి. తెరుచుకునే భాగాలు ప్రతి అంతస్తులో ఉంచాలి.

మెట్లది పెద్ద సమస్య. జాతీయ భవన నిర్మాణ స్మృతి వ్యాపార భవనాలకు కనీసం ఒకటిన్నర మీటరు వెడల్పు మెట్లు కోరుతుంది. పాత భవనాలలో మీటరుకు తక్కువైనవే ఎక్కువ. పైగా ఆ మెట్ల కిందనే మీటర్లు, అట్టపెట్టెలు. కింద నిప్పంటుకుంటే ఆ మెట్లు పొగగొట్టంగా మారతాయి. ఉన్నవాటిని వెడల్పు చేయలేకపోతే వెనుకవైపు ఇనుప మెట్లు కట్టి రెండో దారి కల్పించాలి. అందుకు సందు లేని భవనాలు నిజంగానే ఉన్నాయి. అటువంటి చోట పై అంతస్తులను జనం గుమికూడే పనికి ఇవ్వకుండా ఉండటమే పరిష్కారం. అద్దె తగ్గుతుంది, అంతే.

ఆంధ్రప్రదేశ్ అగ్నిమాపక సేవల చట్టం 1999 ప్రకారం 15 మీటర్లు, అంతకు మించిన ఎత్తు గల వ్యాపార భవనాలకు నిరభ్యంతర పత్రం కావాలి. జనం గుమికూడే భవనాలకైతే 500 చదరపు మీటర్లు దాటిన స్థలంలో ఉన్నా, ఎత్తు ఆరు మీటర్లు దాటినా అవసరమే. దుకాణాన్ని ఫంక్షన్ హాలుగానో శిక్షణ కేంద్రంగానో మార్చేవారు ఈ రెండో నిబంధనను ముందుగా చదువుకోవాలి. రంగులు, నేల వంటి పనులకు సాధారణంగా అనుమతితో పని ఉండదు. నిర్మాణ స్వరూపం మారినా, అంతస్తు పెరిగినా, నివాసం వ్యాపారమైనా నగరపాలక సంస్థ అనుమతి తప్పదు. ఎక్స్‌రే యంత్రం పెట్టే రోగ నిర్ధారణ కేంద్రానికి అణుశక్తి నియంత్రణ మండలి అనుమతి ఉండాలి. వికలాంగుల హక్కుల చట్టం 2016 వచ్చాక ప్రవేశం వద్ద ర్యాంపు ఐచ్ఛికం కాదు. అడుగు ఎత్తుకు పన్నెండు అడుగుల పొడవు చొప్పున వాలు ఇవ్వాలి. మూడు మెట్లున్న పాత గడప ముందు అంత చోటు దొరకక చాలామంది నిట్టనిలువు పలక వేసి ర్యాంపు అంటున్నారు. చక్రాల కుర్చీ దాని మీద ఎక్కదు.

ఖర్చు ఎవరిది?

వివాదాలన్నీ చివరకు ఇక్కడికే చేరుతాయి. పెద్ద సంస్థలు భవనాన్ని రెండు రకాలుగా అడుగుతాయి. నిర్మాణం, నీరు, విద్యుత్ కనెక్షన్ మాత్రమే యజమానివి, మిగిలినదంతా అద్దెదారుదే అన్నది బేర్ షెల్. నేల, ఏసీ, లిఫ్టు, జనరేటరు కూడా యజమాని సమకూర్చేది వార్మ్ షెల్. రెండింటి మధ్య అద్దె తేడా గణనీయంగా ఉంటుంది. ఏ పద్ధతిలోనైనా స్లాబు, పిల్లర్లు, పైకప్పు లీకేజీ, ప్రధాన విద్యుత్ లైను యజమాని బాధ్యతగా, లోపలి అలంకరణ అద్దెదారు బాధ్యతగా రాసుకోవడం న్యాయం. పని జరిగే నెలలకు అద్దె ఉంటుందా, ఎన్ని నెలలు మినహాయింపు, ఆలస్యం యజమాని వల్ల జరిగితే ఏమిటి అన్నవి కూడా రాయాలి.

పదకొండు నెలల కాగితంతో సరిపెట్టుకునే అలవాటు ఇక్కడ అద్దెదారుకు చేటు. లక్షలు పోసి హాలు తయారు చేసుకున్నవాడికి ఏడాది నిండకముందే ఖాళీ చేయమంటే చేతిలో ఆధారం ఉండదు. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఏడాదికి మించిన లీజును రిజిస్టరు చేయించాలి. చేయించకపోతే అందులోని షరతులను కోర్టులో రుజువుగా చూపలేరు. ఒప్పందంలో ఏమీ రాయకపోతే 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం వర్తిస్తుంది. దాని ప్రకారం అద్దెదారు తాను బిగించినవి తీసుకుపోవచ్చు గాని భవనాన్ని తీసుకున్న స్థితిలో అప్పగించాలి. యజమాని సమ్మతి లేకుండా శాశ్వత కట్టడం కట్టరాదు.

పన్నుల సంగతి కూడా ముందే తేల్చుకోవాలి. వ్యాపార అద్దె మీద జీఎస్టీ 18 శాతం. యజమాని జీఎస్టీలో నమోదు కాకపోయినా, అద్దెదారు నమోదైన వ్యాపారి అయితే 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్నును అద్దెదారే నేరుగా చెల్లించాలి. కాంపొజిషన్ పథకంలోని వారిని తరువాత దీని నుంచి మినహాయించారు. నెల అద్దె 50 వేల రూపాయలు దాటితే పది శాతం టీడీఎస్ కోయాలన్న పరిమితి 2025 ఏప్రిల్ నుంచి అమలులోకి వచ్చింది. మరమ్మతులకు కట్టిన జీఎస్టీ వెనక్కి వస్తుందన్న ఆశతో బడ్జెటు వేసుకునేవారు జాగ్రత్త వహించాలి. భవనం విలువలో కలిపి చూపిన నవీకరణ ఖర్చుకు ఆ సదుపాయం లేదు. 2024 అక్టోబరులో సుప్రీంకోర్టు సఫారీ రిట్రీట్స్ కేసులో కొంత వెసులుబాటు చూపగా, 2025 ఆర్థిక చట్టం 2017 జులై నుంచే వర్తించేలా చట్టాన్ని సవరించి ఆ దారి మూసివేసింది. వాడకం మారితే ఆస్తి పన్ను కూడా మారుతుంది. ఆ పెరుగుదలను ఎవరు భరించాలో ఒప్పందంలో ఒక వాక్యం ఉండాలి.

పని మొదలుకాకముందు ప్రతి గదినీ, ప్రతి పగులునూ తేదీతో సహా ఫొటో తీసి, ఇరుపక్షాలు సంతకం చేసిన ప్రతిని లీజు పత్రానికి జతచేయడం మంచిది. తీగలు, పైపులు గోడలో మూసేముందు తీసిన ఫొటోలు, మార్పుల తరువాతి డ్రాయింగు, పరీక్షల నివేదికలు కూడా ఒక ఫైలుగా యజమాని దగ్గర ఉండాలి. తొమ్మిదేళ్ల తరువాత మరో అద్దెదారు వచ్చి గోడలో రంధ్రం వేయదలచినప్పుడు ముందుగా తెరవవలసింది ఆ ఫైలునే.